సీరం రంగు మారితే తప్పు పొడిదా, సీసాదా?

మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను. మీరు తణుకులో నాలుగేళ్లుగా ఇంట్లోనే సబ్బులు చేసి అమ్ముతున్నారు. ఈసారి ముఖానికి సీరం చేశారు. రోజ్‌వాటర్‌లో ఉసిరి ఎక్స్‌ట్రాక్ట్ పొడి 3 శాతం, గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ 0.2 శాతం, చిటికెడు పసుపు ఎక్స్‌ట్రాక్ట్ వేసి, మందుల షాపులో దొరికే పచ్చ విటమిన్ ఇ క్యాప్సూల్స్ కత్తిరించి పిండారు. రాసుకుంటే మండిందని కాస్త వంటసోడా కలిపారు. తెల్ల గాజు డ్రాపర్ సీసాలు 40 నింపారు. మూడు వారాల్లో రంగు ఇటుక రంగుకి తిరిగింది. పొడి అమ్మినాయన్ని అడిగితే "మీరు మామూలు రకం కొన్నారు, స్టెబిలైజ్డ్ ప్లాంట్ యాంటీఆక్సిడెంట్ కాంప్లెక్స్ తీసుకోండి" అని ఏడు రెట్ల ధర చెప్పాడు. అది కొంటే సమస్య తీరుతుందా, ఈ 40 సీసాలు అమ్ముకోవచ్చా అన్నది మీ ప్రశ్న.

తీరదండి. అమ్మకూడదు కూడా. ఎందుకో చెప్పడానికి కాస్త ఎక్కువే రాయాల్సి వస్తుంది. నేను హైదరాబాద్‌లో 19 ఏళ్లుగా క్రీములు, సీరంల ఫార్ములేషన్ పనిలో ఉన్నాను. ఈ రంగు మారే గొడవతో నాకు పాత పరిచయమే.

ముందు మీ వంటసోడా సంగతి. మీరు దాన్ని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు గానీ నాకు అన్నిటికంటే ముందు కంటికి తగిలింది అదే. పసుపు నీళ్లలో సున్నం కలిపి ఎర్ర నీళ్లు చేసి దిష్టి తీస్తాం కదా, అక్కడ జరిగేదే మీ సీసాలో కొంచెం మెల్లగా జరిగింది. క్షారం తగిలితే పసుపులోని కర్క్యుమిన్ ఎర్రబడుతుంది. ఎర్రబడి ఊరుకోదు, విరిగిపోతుంది కూడా. పీహెచ్ (పులుపెంతో, క్షారమెంతో చెప్పే కొలత, 7 కంటే తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం) 7.2 దగ్గర, 37 డిగ్రీల వేడిలో, ఫాస్ఫేట్ లవణ ద్రావణంలో కర్క్యుమిన్‌ని ఉంచితే అరగంటలో 90 శాతం దాకా పోతుందని 1997లోనే ప్రయోగం చేసి చూశారు. గంటలు కాదు, అరగంట. గ్రీన్ టీలో అసలు సరుకైన ఈజీసీజీ కూడా అంతే. పీహెచ్ 4, 5 మధ్య బుద్ధిగా ఉంటుంది, 7 దాటితే డికాక్షన్ రంగుకి తిరుగుతుంది. ఉసిరి పొడి తనంతట తానే పులుపు కాబట్టి మీ సీరం మొదట్లో పీహెచ్ 3 చిల్లర ఉండి ఉంటుంది. మండింది అందుకే. ఆ పులుపే మీ గ్రీన్ టీని కాపాడుతూ వచ్చింది. సోడా వేసి ఆ కాపలావాణ్ణి మీరే పంపించేశారు.

సోడా వేశాక పీహెచ్ ఎంత ఉందో మీరు రాయలేదు. పేపర్ స్ట్రిప్స్‌తో చూస్తే రంగు ద్రావణంలో అది సరిగ్గా తెలియదు. చిన్న డిజిటల్ పీహెచ్ మీటరు, దాన్ని సరిచూసుకోవడానికి పీహెచ్ 4, 7 అని ముందే తెలిసిన బఫర్ ద్రావణాలు కొనుక్కోండి. ఏడు రెట్ల ధర పెట్టి కాంప్లెక్స్ కొనేముందు పెట్టాల్సిన ఖర్చు ఇది. పీహెచ్ సర్దాలంటే సిట్రిక్ యాసిడ్, సోడియం సిట్రేట్ జంట వాడండి. కింద ఎవరో నిమ్మరసం పిండమని సలహా ఇచ్చారు, దయచేసి ఆ పని చేయకండి. నిమ్మజాతి రసాల్లో ఫ్యూరోకౌమారిన్లు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు మచ్చలు పడతాయి, ఆ నలుపు నెలల తరబడి పోదు.

ఇప్పుడు 'స్టెబిలైజ్డ్' అన్న మాట దగ్గరికి వద్దాం. మన మార్కెట్లో ఈ మాటని, 'స్టాండర్డైజ్డ్' అన్న మాటని కలిపి కొట్టేస్తున్నారు. చాలామంది అమ్మేవాళ్లకే తేడా తెలియదు. స్టాండర్డైజ్డ్ అంటే ప్రతి బ్యాచ్‌లో ఫలానా పదార్థం ఇంత శాతం ఉందని కొలిచి ఇవ్వడం, గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్‌లో ఈజీసీజీ 50 శాతం అన్నట్టు. అది కొన్న రోజు లెక్క. రేపు ఎంత ఉంటుందో దానికి సంబంధం లేదు. స్టెబిలైజ్డ్ అంటే గాలి, వెలుతురు, నీళ్లు, వేడి తగిలినా ఆ పదార్థం చెడకుండా ఏదో ఏర్పాటు చేశామని. ఆ ఏర్పాటు ఏమిటి, ఎన్నాళ్లు పనిచేస్తుంది అని అడిగితే తప్ప ఆ మాటకి విలువ లేదు.

ఏర్పాట్లు నాలుగైదు రకాలు. వాటిలో కొన్ని ప్యాకెట్ విప్పేదాకే పనిచేస్తాయి. ఎక్స్‌ట్రాక్ట్‌ని మాల్టోడెక్స్‌ట్రిన్‌తో (పిండి నుంచి చేసే పొడి) కలిపి స్ప్రే డ్రై చేయడం అన్నిటికంటే చవక. పొడి గడ్డకట్టదు, డబ్బాలో రంగు మారదు, సర్టిఫికెట్ అందంగా వస్తుంది. కానీ మాల్టోడెక్స్‌ట్రిన్ నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది. మీరు రోజ్‌వాటర్‌లో వేసి కలిపిన క్షణాన ఆ రక్షణ అయిపోయింది. మీకు చెప్పిన కాంప్లెక్స్ ఈ రకమైతే మీరు ఏడు రెట్ల ధరకి కొనేది సగం పిండి. సైక్లోడెక్స్‌ట్రిన్ కొంచెం మెరుగు. దాని అణువు లోపల చిన్న గుంట ఉంటుంది, కర్క్యుమిన్ లాంటివి అందులో దూరి కూర్చుంటాయి, నీళ్లలో కూడా కొంత కాపు ఉంటుంది. లైపోజోమ్ (సారాన్ని లోపల దాచే సన్నని కొవ్వు బుడగ) అన్న పేరు వినగానే ధర పెరుగుతుంది గానీ, ఆ బుడగల గోడలు చేసేది లెసితిన్ లాంటి కొవ్వులతో. ఆ కొవ్వులూ గాలికి చెడేవే. కాపలా వాడికే కాపలా కావాలన్నమాట.

గట్టి ఏర్పాటు అణువునే మార్చడం. పసుపులోని కర్క్యుమిన్‌కి హైడ్రోజన్ ఎక్కిస్తే టెట్రాహైడ్రోకర్క్యుమిన్ వస్తుంది. పసుపు రంగు పోతుంది, దుప్పటికీ దిండుకీ అంటదు, కర్క్యుమిన్ కంటే నిలకడగా ఉంటుంది. విటమిన్ సికి ఒక చక్కెర అణువు తగిలిస్తే ఆస్కార్బిల్ గ్లూకోసైడ్ అవుతుంది, దాన్ని జపాన్‌లో తయారుచేశారు. విటమిన్ సి అణువులో గాలికి తొందరగా లొంగే చోటునే ఈ చక్కెర మూసేస్తుంది. చర్మంలోని ఎంజైములు ఆ చక్కెరని తెంపితే విటమిన్ సి బయటికి వస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. తాళం వేసిన పెట్టె భద్రంగానే ఉంటుంది, తాళం తీసేవాడు ఎంత చురుగ్గా ఉన్నాడన్నదే ప్రశ్న. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో షెల్డన్ పిన్నెల్ బృందం 2001లో చూసినప్పుడు, మెగ్నీషియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్, ఆస్కార్బిల్ పామిటేట్ రాస్తే చర్మంలో విటమిన్ సి స్థాయి పెరగలేదు. మార్చకుండా వాడిన ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్ మాత్రం పీహెచ్ 3.5 కంటే తక్కువ ఉన్నప్పుడు లోపలికి వెళ్లింది, 20 శాతం దాటాక ఇంకా ఎక్కువ వేసినా లాభం కనిపించలేదు. కాబట్టి ఎంత నిలకడ ఉంటే అంత మంచిదని లెక్క వేయకండి. నిలకడ పెరిగేకొద్దీ చురుకు తగ్గడం ఈ సరుకుల్లో మామూలే.

మీ పచ్చ క్యాప్సూల్స్ కథ కూడా ఇదే. వాటిలో ఉండేది టోకోఫెరిల్ అసిటేట్. విటమిన్ ఇలో ఆక్సిజన్‌తో తలపడే చేతిని అసిటేట్‌తో కట్టేశారు, అందుకే క్యాప్సూల్ ఏళ్ల తరబడి చెడదు. చర్మంలోకి వెళ్లాక ఆ కట్టు విప్పుకుంటుంది. సీసాలో ఉన్నప్పుడు మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంటుంది, మీ ఉసిరినీ గ్రీన్ టీనీ ఏమీ కాపాడదు. సీసాని కాపాడాలంటే అసిటేట్ లేని టోకోఫెరాల్ కావాలి, సోయా నూనె నుంచి తీసిన మిక్స్‌డ్ టోకోఫెరాల్స్ అని అమ్ముతారు. అదీ నూనెలోనే పనిచేస్తుంది. మీ రోజ్‌వాటర్ మీద చుక్కలు చుక్కలుగా తేలుతోందని మీరే రాశారు, ఊపి వాడమని లేబుల్ మీద వేశారు కూడా. అలా తేలే నూనె ఏ కస్టమర్‌కి ఎంత వెళ్తుందో దేవుడికే తెలియాలి.

ఇంకో పెద్ద అపోహ. "విటమిన్ ఇ వేశాను కదా, ప్రిజర్వేటివ్ అక్కర్లేదనుకున్నాను" అన్నారు. యాంటీఆక్సిడెంట్ వేరు, ప్రిజర్వేటివ్ వేరు. మొదటిది గాలితో పోరాడుతుంది, రెండోది బూజుతో, బ్యాక్టీరియాతో పోరాడుతుంది. నీళ్లూ మొక్కల సారమూ ఉన్న సీసా సూక్ష్మజీవులకి పెళ్లి భోజనం. ఆ 40 సీసాలు అమ్మొద్దని నేను అనడానికి అసలు కారణం రంగు కాదు, ఇది. కంటికి బాగానే కనిపించే సీరంలో కూడా లెక్కకి మించి బ్యాక్టీరియా ఉండొచ్చు, పైగా అది రాసుకునేది కంటి పక్కన.

రంగు మారడం అంతా ఒకటే రోగం కాదు. డికాక్షన్ లాంటి గోధుమ రంగు అయితే ఆక్సిజన్ పని. వంకాయ తరిగి ఉప్పు నీళ్లలో వేయకపోతే నల్లబడుతుందే, ఆ జాతి వ్యవహారం. ఎర్రగా, ఇటుక రంగుగా అయితే పసుపూ పీహెచ్. మడ్డిలా అడుగున దిగితే కరగని కర్క్యుమిన్, లేదా టానిన్లు (ఉసిరి లాంటివాటికి వగరునిచ్చే పదార్థాలు) జెల్ పదార్థంతో కలిసి ముద్ద కట్టడం. పుల్లని వాసన, సన్నని బుడగలు, మూత తీస్తే 'టిస్' మనే చప్పుడు ఉంటే సూక్ష్మజీవులు. ఇక బూడిద రంగు, నీలం కలిసిన నలుపు అయితే ఇనుము.

ఇనుము దెబ్బ నేను స్వయంగా తిన్నాను. పదేళ్ల కిందట ఒక కంపెనీలో ఉసిరి టోనర్ చేస్తున్నాం. ల్యాబ్‌లో గాజు బీకర్లలో ఆరు నెలలు పరీక్షించాం, లేత గడ్డి రంగులో నిలకడగా ఉంది. ఫ్యాక్టరీలో మొదటి 200 కిలోల బ్యాచ్ సాయంత్రం తీసి ట్యాంకులో వదిలాం. పొద్దున మూత తీస్తే పలక కడిగిన నీళ్లలా ఉంది. షిఫ్ట్ సూపర్‌వైజర్ ఏదో తప్పు డ్రమ్ము కలిపాడని అందరూ ఆయన మీద పడ్డారు. పాపం ఆయన తప్పేం లేదు. ట్యాంకు స్టెయిన్‌లెస్ స్టీలే, పైపు కూడా. మధ్యలో పంపు దగ్గర ఎవరో తొందరలో బిగించిన మామూలు ఇనుప నిపుల్ (పైపులు కలిపే ముక్క) ఒకటి ఉంది, లోపల తుప్పు. ఇనుప మూకుడులో ఉసిరి పొడి నానబెట్టి జుట్టుకి నల్లరంగు చేసుకునే ఆడవాళ్లందరికీ తెలిసిన విషయం, ఎమ్మెస్సీ చదివిన మా ఆరుగురిలో ఒక్కరికీ తట్టలేదు. ఉసిరి టానిన్లకి ఇనుము తగిలితే సిరా అవుతుంది. పాతకాలం సిరా చేసిందే అలా.

ఆ బ్యాచ్‌లో ఇనుముని కట్టిపడేసే పదార్థం, చీలేటర్ అంటాం, వేసి ఉంటే ఆ కాస్త తుప్పుని తట్టుకునేది. మార్కెటింగ్ వాళ్లు లేబుల్ మీద 'ఈడీటీఏ ఫ్రీ' అని రాయాలన్నారని, మామూలుగా వాడే చీలేటరైన ఆ ఈడీటీఏని తీసేశాం. తర్వాత సోడియం ఫైటేట్ వేశాం. అది తవుడు నుంచి వచ్చేదే, వాళ్లూ సంతోషించారు. రంగు సంగతి పక్కన పెట్టినా ఇనుము, రాగి అణువులు లక్షలో ఒక వంతు ఉన్నా విటమిన్ సి, పాలీఫినాల్స్ (ఈజీసీజీ, టానిన్ల లాంటి మొక్కల యాంటీఆక్సిడెంట్లు) చెడే వేగాన్ని బాగా పెంచుతాయి. మీరు బోరు నీళ్లు మరిగించి వాడినా, రాగి పాత్రలో రోజ్‌వాటర్ తీసినా ఈ లోహాలు వచ్చి చేరతాయి. డిస్టిల్డ్ లేదా డీమినరలైజ్డ్ నీళ్లు, గాజు లేదా మంచి స్టీలు గిన్నెలు, 0.1 శాతం డైసోడియం ఈడీటీఏ. మీరు చేసే మార్పులన్నిటిలో అతి తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే.

ఇక సీసా. తెల్ల గాజు డ్రాపర్ చూడ్డానికి బాగుంటుంది, నాకూ ఇష్టమే. కానీ ఈ లెక్క చూడండి. 30 మిల్లీలీటర్ల సీసాలో సగం వాడారనుకోండి. మిగిలిన 15 మిల్లీలీటర్లలో మీ 0.2 శాతం గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ అంటే 30 మిల్లీగ్రాములు. అందులో ఈజీసీజీ సగం ఉంటే 15 మిల్లీగ్రాములు. పైన ఖాళీలో 15 మిల్లీలీటర్ల గాలి ఉంది, అందులో ఆక్సిజన్ సుమారు 4 మిల్లీగ్రాములు. బరువులో తక్కువగా కనిపిస్తుంది గానీ ఆక్సిజన్ అణువు చాలా తేలిక. అణువుల సంఖ్యలో చూస్తే ఒక్కో ఈజీసీజీ అణువుకి దాదాపు నాలుగు ఆక్సిజన్ అణువులు కాచుకుని ఉన్నాయి. ఇది ఒక్కసారి మూత తీసిన గాలి. రోజుకి రెండుసార్లు డ్రాపర్ తీసిపెడితే ప్రతిసారీ కొత్త గాలి. ఇంత తక్కువ మోతాదులో వేసిన మొక్క సారానికి సీసాలోని గాలి ఒక్కటే చాలు. అదే 10 శాతం విటమిన్ సి ఉన్న సీరంలో అయితే అదే గాలి రెండు మూడు శాతాన్ని మించి తినలేదు. అందుకే తక్కువ మోతాదు పాలీఫినాల్స్‌కి ఎయిర్‌లెస్ పంపు తప్పనిసరి అంటాను. అడుగున ఉన్న పిస్టన్ పైకి వస్తూ ఉంటుంది, సీరం ఖాళీ అయిన చోటికి గాలి రాదు. అది దొరక్కపోతే సన్నటి మూతి ఉన్న అల్యూమినియం ట్యూబు.

ఆవకాయ పెట్టేవాళ్లకి ఈ సూత్రం నేను కొత్తగా చెప్పక్కర్లేదు. నూనె పైకి తేలేలా పోస్తాం, తడి గరిటె పెట్టనివ్వం, రోజువారీ వాడకానికి చిన్న జాడీలోకి తీసి పెద్ద జాడీ మూతి గుడ్డ కట్టేస్తాం. గాలి, నీళ్లు, మాటిమాటికీ తెరవడం, మూడింటికీ జవాబు అందులోనే ఉంది. పైగా నువ్వుల నూనె వాడతాం. నువ్వుల్లో సెసమిన్, సెసమోలిన్ ఉంటాయి. సెసమోలిన్ నుంచి వచ్చే సెసమాల్ మంచి యాంటీఆక్సిడెంట్. నువ్వుల నూనె మిగతా నూనెల్లా త్వరగా కమరు వాసన రాకపోవడానికి వీటి చలవ చాలా ఉంది.

మీకు నేనిచ్చే మొదటి సలహా అదే దారిలో ఉంది. లైసెన్స్ పని (దాని సంగతి కింద చెప్తాను) చూసుకుంటూ ముందు నీళ్లు లేని ఫేస్ ఆయిల్ చేయండి. తవుడు నూనె, నువ్వుల నూనె, కొంచెం స్క్వాలేన్ (గాలికి తొందరగా చెడని తేలికపాటి నూనె) బేస్‌గా పెట్టుకోండి. తవుడు నూనెలో ఒరైజనాల్ సహజంగానే ఉంటుంది. ఒరైజనాల్ అంటే ఫెరూలిక్ యాసిడ్ మరో అణువుతో జతకట్టిన రూపం, మొక్క తనే స్టెబిలైజ్ చేసి ఇచ్చినట్టు. వంటకి వాడే బాగా రిఫైన్ చేసిన తవుడు నూనెలో అది చాలావరకు పోతుంది, అందుకని ఒరైజనాల్ ఎంత ఉందో రాసిచ్చేవాళ్ల దగ్గరే కొనండి. మిక్స్‌డ్ టోకోఫెరాల్స్ 0.1 నుంచి 0.2 శాతం, రోజ్‌మేరీ ఎక్స్‌ట్రాక్ట్ అదే మోతాదు. ఎక్కువ వేస్తే ఎక్కువ మంచిదని 2 శాతం పోయకండి. టోకోఫెరాల్ మరీ ఎక్కువైతే నూనెని కాపాడే బదులు తనే చెడగొట్టే వైపుకి తిరుగుతుంది. సువాసన కోసం నిమ్మ, నారింజ నూనెలు వద్దు. వాటిలోని లిమోనీన్ గాలికి మారి చర్మానికి పడని పదార్థాలు అవుతుంది, కొందరికి దాంతో ఎలర్జీ వస్తుంది.

ఫెరూలిక్ యాసిడ్ మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. ఆ పేరు ఇంగువ చెట్టుది. ఇంగువ మొక్క జాతి పేరు ఫెరూలా, 1866లో ఇంగువ బంక నుంచే దీన్ని మొదట వేరుచేశారు. చారులో ఇంగువ వేసుకున్నంత మాత్రాన ముఖం మెరవదు గానీ, చెప్పుకోడానికి బాగుంటుంది. విదేశీ సీరంల మీద దీని పేరు అంత పెద్దగా వేయడానికి కారణం 2005లో అదే డ్యూక్ బృందం చేసిన పని. 15 శాతం విటమిన్ సి, 1 శాతం విటమిన్ ఇ ఉన్న ద్రావణంలో 0.5 శాతం ఫెరూలిక్ యాసిడ్ కలిపితే మిగతా రెండూ నిలకడగా ఉండటమే కాకుండా, ఎండ దెబ్బ నుంచి రక్షణ నాలుగు రెట్ల నుంచి ఎనిమిది రెట్ల దగ్గరికి వచ్చింది. ప్రయోగం చేసింది పంది చర్మం మీద. అక్కడ స్టెబిలైజర్ వేరే ఏదో కాదు, తోటి యాంటీఆక్సిడెంటే. దాన్ని చూసి మీరూ ఇంట్లో ఫెరూలిక్ వేయాలనుకుంటే, అది మామూలు నీళ్లలో సరిగ్గా కరగదు, ఇథాక్సీడైగ్లైకాల్ లాంటి ద్రావకం కావాలి. పీహెచ్ 3.5 లోపల ఉండే ఆ రకం సీరం చేసి అమ్మడం మీకిప్పుడే వద్దంటాను. మండిందని సోడా వేసిన చరిత్ర ఉంది కదా!

నీళ్ల సీరమే కావాలి, కస్టమర్లు అదే అడుగుతున్నారంటే ఇలా వెళ్లండి. ఆస్కార్బిల్ గ్లూకోసైడ్ 2 శాతం, గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ 0.2 శాతం, గ్లిజరిన్ 3 నుంచి 5 శాతం, ఈడీటీఏ 0.1, ప్రిజర్వేటివ్‌గా ఫినాక్సీఇథనాల్ 1 శాతం దాటకుండా దానికి తోడు ఇథైల్‌హెక్సిల్‌గ్లిజరిన్. పైన చెప్పిన సిట్రిక్ యాసిడ్, సోడియం సిట్రేట్ జంటతో పీహెచ్ 5 నుంచి 5.5. ఇది ఇద్దరికీ నచ్చిన సంబంధం కాదు, రాజీ. గ్రీన్ టీకి ఇంకాస్త పులుపు ఇష్టం, గ్లూకోసైడ్‌కి ఇంకాస్త పైన ఇష్టం. పసుపు మీద మనసుంటే టెట్రాహైడ్రోకర్క్యుమిన్‌ని నూనె సీరంలో వేసుకోండి. ఉసిరి తీసేయండి. లేబుల్ మీద ఉసిరి బొమ్మ లేకపోతే ఎవరు కొంటారు అంటారేమో, అది నా చేతిలో లేని విషయం.

'విటమిన్ సి సీరం' అని ఉసిరి భరోసాతో రాస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఎండబెట్టి, వేడి నీళ్లలో తీసి, పొడి చేసిన ఉసిరి ఎక్స్‌ట్రాక్ట్‌లో ఎక్కువ ఉండేది టానిన్లు. విటమిన్ సి ఎంత మిగిలిందన్నది తయారీని బట్టి ఉంటుంది. ఫ్యాక్టరీ విటమిన్ సిని పైన కలిపి 'నేచురల్' అని అమ్మే పొడులు నేను పరీక్ష చేసి పట్టుకున్నాను. నా దృష్టిలో అది మోసమే అయినా చర్మానికి నష్టం లేదు. మొక్కజొన్న గ్లూకోజ్ నుంచి పులియబెట్టి చేసిన ఆస్కార్బిక్ యాసిడ్ అణువుకీ ఉసిరికాయలోని అణువుకీ తేడా ఏమీ లేదు.

ఇంట్లో ఒక సరదా పరీక్ష చేసుకోవచ్చు. గాజు గ్లాసులో అర గ్లాసు నీళ్లు పోసి నాలుగు చుక్కల బెటాడిన్ (అయోడిన్ ఉన్న పుండ్ల మందు) వేయండి, లేత టీ రంగు వస్తుంది. అందులో విటమిన్ సి ఉన్న సీరం చుక్క చుక్కగా వేస్తూ కలపండి. రంగు కళ్ల ముందే ఆరిపోయినట్టు పోయి నీళ్లు తెల్లబడతాయి. అదే సీరం రెండు నెలలు కిటికీలో పెట్టి మళ్లీ చేస్తే ఎక్కువ చుక్కలు పడతాయి, ఎన్ని ఎక్కువ పడితే అంత విటమిన్ సి పోయిందని అర్థం. మోసపోకండి, సల్ఫైట్ వేసినా అయోడిన్ రంగు పోతుంది, పాలీఫినాల్స్ కూడా కొంత తినేస్తాయి. ఆస్కార్బిల్ గ్లూకోసైడ్‌కి మాత్రం రంగు అంత తేలిగ్గా పోదు, దాని చేతికి తాళం ఉంది కదా. అంచనాకి పనికొస్తుంది, లేబుల్ మీద అంకె వేయడానికి పనికిరాదు. అంకె కావాలంటే ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ (ఒక్కో పదార్థాన్ని విడదీసి కొలిచే పరీక్ష) చేయించాల్సిందే.

మళ్లీ మీ సప్లయర్ దగ్గరికి వెళ్లినప్పుడు ధర మాట్లాడకముందు ఇవి అడగండి. కాంప్లెక్స్‌లో ఏ అణువుని కొలిచారు, ఏ పద్ధతిలో? 'టోటల్ పాలీఫినాల్స్' అని మాత్రమే రాస్తే జాగ్రత్త, ఆ పద్ధతి మామూలు విటమిన్ సిని కూడా పాలీఫినాల్‌గా లెక్క కట్టేస్తుంది. స్టెబిలిటీ పరీక్ష పొడి మీద చేశారా, నీళ్లలో కలిపి చేశారా? ఏ పీహెచ్ దగ్గర, ఎన్ని డిగ్రీల్లో, ఎన్ని వారాలకి ఎంత శాతం మిగిలింది? గ్లిజరిన్‌లో తీసిన ద్రవమైతే అందులో అసలు మొక్క సారం ఎంత? 2 శాతం ఉన్న ద్రవాన్ని మీరు 2 శాతం వేస్తే 30 మిల్లీలీటర్ల సీసాలోకి వెళ్లేది 12 మిల్లీగ్రాములు. ఈ ప్రశ్నలకి కాగితం మీద జవాబు ఇచ్చే సప్లయర్లు ఉన్నారు. మీకు పొడి అమ్మినాయన ఇవ్వగలిగితే కొనండి, ధర ఎక్కువైనా ఫర్వాలేదు.

మీ పరీక్ష మీరూ చేసుకోవాలి. ఒకే బ్యాచ్‌లోంచి నాలుగు సీసాలు తీసి ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి బీరువాలో, ఒకటి కిటికీలో, ఒకటి 40 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టండి. ఐదోది మీరే రోజూ వాడండి, ఇది చాలామంది మర్చిపోతారు. వారం, రెండు వారాలు, నెల, రెండు నెలలు, మూడు నెలలకి పీహెచ్, వాసన రాసుకుని, తెల్ల కాగితం మీద పెట్టి ఒకే వెలుతురులో ఫోటో తీయండి. 40 డిగ్రీల్లో మూడు నెలలు నిలిస్తే రెండేళ్ల ఎక్స్‌పైరీ వేసుకోవచ్చని అంటూ ఉంటారు. 10 డిగ్రీలకి చర్యల వేగం రెట్టింపు అన్న మోటు లెక్క వేసినా, 25 డిగ్రీల గదికి ఆ మూడు నెలలు ఎనిమిదిన్నర నెలలతో సమానం. మన ఇళ్లలో ఎండాకాలం గది వేడే 35 ఉంటుంది. 35 నుంచి 40కి తేడా ఐదు డిగ్రీలే, అప్పుడు మూడు నెలల పరీక్ష చెప్పేది నాలుగు నెలల సంగతి. మే నెలలో విజయవాడ మీదుగా వెళ్లే కొరియర్ వ్యానులో మీ సీసా ఆ పరీక్షని ప్రయాణంలోనే రాసేస్తుంది. మొదట్లో ఆరు నెలలు మించి వేయకండి. చిన్న బ్యాచ్‌లు చేయండి, ప్రతి బ్యాచ్‌లో రెండు సీసాలు దాచిపెట్టండి.

అమ్మకం సంగతి ఒక్క మాట. కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం తయారీకి రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్స్ కావాలి. సబ్బులకి తీసుకున్నారో లేదో మీరు రాయలేదు. సొంతంగా యూనిట్ పెట్టే స్థోమత లేకపోతే లైసెన్స్ ఉన్న యూనిట్‌లో లోన్ లైసెన్స్ మీద చేయించుకునే దారి ఉంది, గోదావరి జిల్లాల నుంచి హైదరాబాద్ వచ్చి అలా చేయించుకునేవాళ్లు నాకు తెలుసు. ఆయుర్వేదం అని రాస్తే లైసెన్స్ వేరే, నియమాలు వేరే.

ఆ 40 సీసాల్లో 38 పారబోయండి. సీసాలు కడిగి వాడుకోవచ్చు, డ్రాపర్ రబ్బర్లు మాత్రం పసుపు పట్టేసి ఉంటాయి, వదిలేయండి. మిగిలిన రెండిట్లో ఒకటి తెరిచి ఇవాళే పీహెచ్ చూసి ఇక్కడ రాయండి. 7 కంటే పైన ఉంటే నేను సోడా గురించి చెప్పింది నిజమన్నమాట. 5 లోపల ఉంటే మాత్రం నా అంచనా తప్పు, మీరు రోజ్‌వాటర్ ఏ పాత్రలో తీశారో చెప్పండి, అక్కడి నుంచి మళ్లీ మొదలుపెడదాం.